మంచినీళ్లలో మోగిన ఇంజను

మొన్న మా పాలెం ఒడ్డుకు పడవ ఇంజన్లు అమ్మేవాళ్లు వచ్చారు. షామియానా వేశారు, మైకు పెట్టారు, వచ్చినవాళ్లందరికీ కూల్‌డ్రింకు ఇచ్చారు. ఊరికే ఇచ్చేది ఊరికే రాదని తెలుసు కనుక నేను తాగలేదు. పడవ వెనక తగిలించే ఇంజన్లను బల్ల మీద వరసగా నిలబెట్టి, ఏది ఎంత పెట్రోలు తాగుతుంది, ఏది ఎన్నేళ్లు నిలుస్తుంది, ఏది ఎంత అలకు తట్టుకుంటుంది అని ఇస్త్రీ చొక్కా వేసుకున్న ఒకాయన మైకులో చెప్పుకుపోతున్నాడు. నేను ఎండబెట్టిన కవళ్ల చేపలు తిరగేసుకుంటూ ఒక చెవి అటు వేశాను.

చివరికి ఒక నీలం డ్రమ్ము తెప్పించి, నీళ్లు నింపి, దాని అంచుకు ఇంజను తగిలించి తాడు లాగారు. డ్రమ్ములో మోగే ఇంజను చప్పుడు వేరు. సముద్రం మీద మోగేది గాలికి చెదిరిపోతుంది. డ్రమ్ములోది రొమ్ము మీద చెయ్యి పెట్టి తోసినట్టుంటుంది. ఆ చప్పుడు లేవగానే మగవాళ్లంతా ఇంజను దగ్గరికి జరిగారు. ఆడవాళ్లం మాత్రం వెనక్కి, ఊరి వైపు తిరిగి చూశాం. మా ఇంటి పక్కిల్లు అక్కణ్ణించి కనిపిస్తుంది. దానికి తాళం పడి ఉందని అందరికీ తెలుసు. అయినా చూశాం.

ఆ ఇంటామె పేరు ఇక్కడ రాయను. బతికుండగా పేరు పెట్టి పిలిస్తే ఆమె పలికేది కాదు. పేరు రేషను కార్డులో ఉంటే చాలనేది. నేను అక్కా అనేదాన్ని. చుట్టరికం ఏమీ లేదు. మాది ప్రార్థన చేసుకునే ఇల్లు, ఆమెది గంగమ్మను కొలిచే ఇల్లు. మధ్యన గోడ ఒక్కటే, అది కూడా నడుమెత్తు గోడ. ఆ గోడ మీదుగా ఇటు ఉప్పు అటు పోయింది, అటు చింతపండు ఇటు వచ్చింది, తిట్లు రెండు వైపులా పోయాయి.

ఆమెకు పెళ్లయింది. వెళ్లిన ఏడాదే తిరిగి వచ్చేసింది. ఎందుకని నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. తల్లి పోయిన ఇంట్లో చంటివాడుగా మిగిలిన తమ్ముణ్ణి పెంచింది. వాడే ఆమె సంసారం.

మనిషి సన్నం. నవ్వితే ఒక పక్కనే నవ్వేది. ఒడ్డున కూర్చుని వల ముడులు విప్పుతూ ఉన్నట్టుండి చెయ్యి పైకెత్తేది. అంటే అందరం నోళ్లు మూసుకోవాలి. నోట్లో వక్కాకు ఉమ్మేసి, చెవి మీది జుట్టు వెనక్కి తోసి, నోరు కొంచెం తెరిచి ఉంచేది. నోరు తెరిస్తే చెవి బాగా వింటుందని ఆమె లెక్క. మాకు అలల హోరు తప్ప ఏమీ వినిపించేది కాదు. ఆమె మాత్రం ఫలానా వాళ్ల పడవ వస్తోందని చెప్పి మళ్లీ వల మీదికి వంగేది. మేం గంపలు సర్దుకుని లేచేవాళ్లం. మేం నీళ్ల అంచుకు చేరేసరికి ఆ పడవే కనిపించేది.

ఇంజన్లకు కంపెనీ పేర్లు ఉంటాయి. మా వాళ్లకు ఆ పేర్లు నోరు తిరగవు. నల్లది, తెల్లది, ఎర్రది, అంతే. నల్లది పాత రకం, పెట్రోలులో ఆయిలు కలిపి పోయాలి, పొగ కక్కుతుంది. తెల్లది తర్వాత వచ్చింది. చప్పుడు తక్కువ, తాగుడు తక్కువ. ఎర్రది అన్నిటికన్నా చవక. కొత్త ఇంజను కొనాలంటే మగవాళ్లు కావలి టౌనుకు పోయి నాలుగు కొట్లు తిరిగి, కాగితాలు తెచ్చుకుని, టీ అంగడి దగ్గర పొద్దుగూకేదాకా పోట్లాడుకునేవాళ్లు. ఇంటికి వచ్చాక వాళ్ల పెళ్లాలు గోడ పక్కకు వచ్చి ఆమెను అడిగేవాళ్లు. మగవాళ్లకు ఇంజను ఎంత వేగం పోతుందో కావాలి. ఆడవాళ్లకు తిరిగి వస్తుందా లేదా అన్నది కావాలి.

ఎర్రదాని గురించి ఆమె ఒక్కటే మాట చెప్పేది.

“తొలి ఏడు కొత్తల్లుడు, మలి ఏడు ఇల్లరికపల్లుడు.”

తెల్లదాన్ని తిట్టేది కాదు గాని మెచ్చేది కాదు. దానికి నోరు లేదు, నోరు లేనివాళ్లతో కాపురం కష్టం అనేది. ఆమె మనసంతా నల్లదాని మీదే. తమ్ముడిది నల్ల ఇంజనే మరి. ఎందుకు మంచిదో అడిగితే చెప్పిన మాట నాకు ఇంకా చెవిలో ఉంది.

“అది దగ్గుతాది, మూలుగుతాది, ఆడ నొస్తా ఉండాది ఈడ నొస్తా ఉండాది అంటాది. కానీ చెప్పి ఆగతాదిమే. చెప్పినాక ఒడ్డు పక్కకు తిప్పుకునే టయిము ఇస్తాది.”

నాకు ఆ వాదన ఎక్కేది కాదు. మా ఇంట్లో తెల్లది కొన్నాం. సీసాడు పెట్రోలుతో పోయే దూరానికి నల్లది రెండు సీసాలు తాగుతుంటే ఏ ఇల్లాలు ఊరుకుంటుంది? అసలు ఆగనే ఆగని ఇంజను ఉండగా, ఆగే ముందు చెప్పే ఇంజను ఎందుకని నేను అడిగాను. ఆమె వల మీదనుంచి తల ఎత్తలేదు.

“ఆగనిది యాడుందిమే? నువ్వాగవా, నేనాగనా?”

మా పాలెంలో ఆడవాళ్లు పడవ ఎక్కరు. ఎక్కకూడదని పెద్దల కట్టు. ఆమె కూడా కాలు నీళ్లలో పెట్టడమే గాని పడవలో పెట్టి ఎరగదు. పడవ ఎక్కని దానివి నీకేం తెలుసు అక్కా అని మగవాళ్లు ఎగతాళి చేసేవాళ్లు. పడవలో ఉండేవాడికి ఇంజను మోగేది వినపడుతుంది, ఒడ్డున ఉండేదానికి అది ఆగింది వినపడుతుంది అని ఆమె జవాబు.

అన్నీ ఆమె చెప్పినట్టే జరిగాయని నేను అనను. చాదస్తాలు చాలా ఉండేవి. రంగు వేసిన ఇంజను అబద్ధాలాడుతుందని ఆమె నమ్మకం. అందుకని తమ్ముడి ఇంజను పెచ్చులు లేచిపోయి, బొల్లి మచ్చల కుక్కలా ఉండేది. ఇంజనును ఎవరూ దాటకూడదు, నిద్రపోయే పిల్లను దాటినట్టే. మా పాలెంలోనే ఉండే సోమయ్య ఎర్ర ఇంజను వానాకాలం దాటదని ఆమె పందెం వేసినట్టు చెప్పింది. అది ఎన్నో వానాకాలాలు దాటింది. ఆ మాట ఎత్తితే, సోమయ్య పెళ్లాం పుణ్యవతి, అందువల్ల దాటింది అనేది. ఓడిపోవడం ఆమెకు చేతకాదు.

ఆ ఏడు వానలు మొదలైన రోజులు. పొద్దున్నే పడవలు పోయాయి. మధ్యాహ్నానికి గాలి మారింది. సన్నగా జల్లు పట్టుకుని సముద్రం మీద ఏమీ కనిపించకుండా పోయింది. ఆడవాళ్లం ఒడ్డుకు చేరాం. ప్లాస్టిక్ సంచులు తల మీద వేసుకుని నిలబడ్డాం. ఒక్కొక్క పడవా వస్తోంది. ఇంకా కొన్ని రావాలి.

ఆమె చెయ్యి పైకెత్తింది. వక్కాకు ఉమ్మేసింది. కాసేపటికి ఆమె మొహం విచ్చుకుంది. మావోడే, వచ్చేసినాడు, తడిసి ఉంటాడు, నీళ్లు కాగబెట్టాల అని అందరికీ వినపడేలా చెప్పి, చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని ఇంటికి పరిగెత్తింది. ఆ వయసులో అంత పరుగు నేను చూడలేదు.

నేను అక్కడే ఉన్నాను. మా పడవ అప్పటికే వచ్చింది గాని, ఆమె తమ్ముడు తెచ్చిన చేపల్లో ఏవైనా ఎండబెట్టడానికి పనికొస్తాయేమో చూసుకుందామని ఉన్నాను. జల్లులోంచి పడవ బయటపడింది. వెనక నల్ల ఇంజను, ఆ బొల్లి మచ్చలతో సహా అదే. పడవ మాత్రం సోమయ్యది. దిగింది సోమయ్య, వాళ్ల అన్న. ఇంకెవరూ లేరు.

జరిగింది ఇది. సోమయ్య ఎర్ర ఇంజను రిపేరుకు కావలి పోయి ఉంది. ఆ పొద్దున తమ్ముణ్ణి బంధువులెవరో తమ పెద్ద పడవ మీద పనికి రమ్మన్నారు. దానిది తెల్ల ఇంజను. ఎలాగూ తన పడవ తీసేది లేదు కదా అని తమ్ముడు తన నల్ల ఇంజను సోమయ్యకు ఎరువిచ్చి పోయాడు. ఇంజన్లు ఇలా ఇచ్చిపుచ్చుకోవడం మా పాలెంలో రోజూ ఉన్నదే. ఇంట్లో అక్కకు చెప్పాలని వాడికి తోచలేదు. ఆమె ఇంజనును గుర్తుపట్టింది. అందులో తప్పేమీ లేదు.

ఆ మాట చెప్పడానికి ఎవరూ కదల్లేదు. నేను పోయాను.

పొయ్యి మీద నీళ్లు మరుగుతున్నాయి. ఆమె చేటలో బియ్యం పోసుకుని రాళ్లు ఏరుతోంది. తువ్వాలు ఒకటి తీసి గడప మీద పెట్టి ఉంచింది.

“వచ్చినాడా?” అంది, నా వైపు చూడకుండానే.

“ఇంజను వచ్చిందక్కా.”

ఆమె వేళ్లు బియ్యంలో ఆగిపోయాయి. నేను ఉన్నది ఉన్నట్టు చెప్పాను. తెల్ల ఇంజను పడవలో పోయినాడట, ఆ పడవ ఇంకా రాలేదు అన్నాను. ఆమె మిగిలిన రాళ్లు కూడా ఏరింది. తర్వాత చేట ఎత్తి బియ్యం కడగడానికి లేచింది.

“తెల్లది గదా. అది ఆగదు గదా. నువ్వే అంటివే,” అంది.

ఎత్తిపొడుపు కాదది. నా మాటను ఆ పూటకు చేతికర్రగా తీసుకుంది. ఆ రోజు అన్నం వండింది, వార్చింది, గిన్నె మీద మూత పెట్టింది. ఎవరినీ తిననివ్వలేదు.

మర్నాడు ఆ పడవ మనుషులిద్దరిని వేరే పాలెం వాళ్లు ఒడ్డుకు చేర్చారు. డబ్బాలు పట్టుకుని తేలుతుంటే కనిపించారట. తమ్ముడు దొరకలేదు. ఊరంతా ఆమె ఇంటి ముందు చేరి ఏడుస్తుంటే ఆమె ఆ ఇద్దరినీ దగ్గరికి పిలిచి ఒక్కటే అడిగింది, ఇంజను ఆగిందా అని. ఆగలేదన్నారు. అల వచ్చి పడవను తిప్పేసింది, బోర్లా పడేదాకా ఇంజను మోగుతూనే ఉంది అన్నారు. ఆమె తల ఊపింది. ఆ తర్వాత ఎవరు వచ్చి ఏ ఇంజను కొనాలని అడిగినా, తెల్లదే కొనండి, అది ఆగదు అని చెప్పింది. నల్లదాన్ని మెచ్చుకోవడం మానేసింది. న్యాయం తప్పని మనిషి.

ఎరువు తెచ్చుకున్న ఇంజనును మంచినీళ్లతో కడిగి, ఇంటివాళ్ల ఎదుట డ్రమ్ములో ఒకసారి ఆడించి అప్పగించాలి. లోపల ఉప్పు మిగల్లేదని చూపించడం అది, మా పాలెం మర్యాద. సోమయ్య కొన్నాళ్లు ఆమె మొహం చూడలేక తప్పించుకు తిరిగి, ఒక సాయంత్రం ఇంజనును భుజాన వేసుకుని వచ్చాడు. వాకిట్లో డ్రమ్ము నింపి, తాడు లాగాడు. నేను గోడ ఇవతల నిలబడ్డాను. ఆ చప్పుడుకు ఆమె గడపలోంచి లేచి వచ్చి, నోరు కొంచెం తెరుచుకుని నిలబడింది. సోమయ్య ఆపబోతే చెయ్యి పైకెత్తింది. పెట్రోలు అయిపోవచ్చి ఇంజను దగ్గడం మొదలుపెట్టేదాకా ఆపనివ్వలేదు. దగ్గిన వెంటనే తనే చెయ్యి చాపి ఆపేసింది.

మర్నాడు సాయంత్రం మళ్లీ మోగింది. ఈసారి ఆమే లాగింది. చీర బిగించి, డ్రమ్ముకు కాలు తన్నిపెట్టి, నడుము తిప్పి ఒక్క లాగు. ఆ పైన రోజూ. దీపాలు పెట్టేవేళకు నల్ల ఇంజను మోగాల్సిందే. మొదట్లో ఏడుపు వచ్చేది. తర్వాత అలవాటయింది. చివరికి మా ఇంట్లో పొయ్యి వెలిగించేది, మా మనవరాలు పుస్తకం తీసేది ఆ చప్పుడును బట్టే.

నాకు నీళ్ల దగ్గర కోపం. మా పాలెంలో బావి నీళ్లు ఉప్పు. తాగే నీళ్లు ట్యాంకరులో వస్తాయి, బిందె బిందెకు తగాదా. ఆమె తన వంతు నీళ్లు డ్రమ్ములో పోసి, తను ఉప్పునీళ్లు పోసుకునేది. ఆయిలు తేలిన ఆ నీళ్లు తర్వాత మొక్కకు కూడా పనికిరావు. ఒకరోజు ట్యాంకరు దగ్గరే అడిగేశాను. నీళ్లు దండగ గదా, సముద్రం మొఖం చూడని ఇంజనును కడిగేదేంది అన్నాను.

“ఉప్పు పట్టకూడదు గదమ్మే,” అంది. బిందె ఎత్తుకుని పోయింది.

అదే జవాబు చాలాకాలం చెప్పింది. అసలు జవాబు మరో వానాకాలంలో చెప్పింది. మేమిద్దరం గోడకు ఆ పక్క ఒకరు, ఈ పక్క ఒకరు కూర్చుని చింతపండులో గింజలు తీస్తున్నాం. నేను ఏమీ అడగలేదు. తనే అంది.

“ఆ ఇంజను విని నేను వాడొచ్చినాడనుకుంటి. అదే వాడు వింటే, ఇల్లు ఈడుండాదని అనుకోడా?”

నేను గింజలు తీస్తూనే ఉన్నాను. మా ప్రార్థనలో అలాంటి మాటకు చోటు లేదు. అయినా ఆ తర్వాత నేను నీళ్ల ఊసు ఎత్తలేదు. ఎప్పుడైనా మా బిందె ఒకటి మిగిలితే, మిగిలిందని చెప్పి గోడ మీద పెట్టేదాన్ని. ఆమె తీసుకునేది. ఖాళీ బిందె తోమి తిరిగి పెట్టేది.

ఈ ఎండాకాలం ఒక సాయంత్రం నేను బియ్యం చెరుగుతున్నాను. చీకటి పడుతోంది. మా మనవరాలు ఇంకా ఆడుకుంటూనే ఉంది. కోడలు పొయ్యి వెలిగించలేదు. ఏదో తక్కువైంది అనుకున్నాను గాని ఏమిటో వెంటనే తెలియలేదు. తెలిసేసరికి చేట కింద పెట్టేసి గోడ దాటాను. గోడకు ఆ పక్క డ్రమ్ము అంచుదాకా నిండి ఉంది. నీళ్లు కదలడం లేదు. ఆమె పందిరి గుంజకు ఆనుకుని కూర్చుని ఉంది. ఒకసారి పిలిచాను. రెండోసారి పిలవలేదు.

ముందు రోజు కూడా ఆమె దగ్గలేదు, మూలగలేదు. ఆడ నొస్తా ఉండాది, ఈడ నొస్తా ఉండాది అని ఒక్క మాట అనలేదు. అన్నేళ్లు నల్ల ఇంజనును పొగిడిన మనిషి తెల్ల ఇంజనులా పోయింది. దానికి నాకు ఇప్పటికీ కోపమే.

తోటపల్లి గూడూరు వైపు రొయ్యల గుంటల దగ్గర పనిచేసే బంధువులు వచ్చి, చెయ్యాల్సినవి చేశారు. ఆమెకు, తమ్ముడికి కలిపి చేశారు. ఆమె ఉన్నంతవరకు వాడికి చెయ్యనివ్వలేదు మరి. ఇంటికి తాళం వేసుకుని పోతూ ఇంజనును పాత ఇనుముకు వేస్తామన్నారు. మా పంచలో ఉంచండి, నేను చూసుకుంటానన్నాను. గోనెపట్టా చుట్టి మూలన నిలబెట్టాను. రోజూ పొయ్యి దగ్గరికి పోతూ దాన్ని దాటకుండా చుట్టి వెళుతున్నానని మా కోడలు నవ్వింది.

మొన్న ఒడ్డున ఆ ఇస్త్రీ చొక్కా ఆయన డ్రమ్ములో ఇంజను ఆడించి ఆపాక, ఏమైనా అనుమానాలు ఉంటే అడగండి అన్నాడు. మగవాళ్లు చాలా అడిగారు. నేను చేపల గంప ఎత్తుకుని ఇంటికి వచ్చేశాను.

ఆ రోజు ట్యాంకరు వచ్చిన రోజు. మా బిందెలు వరసగా నిండి ఉన్నాయి. ఆమె డ్రమ్మును గోడ పక్కకు దొర్లించుకుని ఒక్కొక్క బిందే వంచాను. సోమయ్యకు కబురు పెట్టాను. అతను వచ్చి, డ్రమ్మును, నీళ్లను, నన్ను చూసి తల గోక్కున్నాడు. “నీళ్లు దండగ గదా పెద్దమ్మా,” అన్నాడు. “సముద్రంలోకి పొయ్యేదా ఏమన్నానా?”

“ఉప్పు పట్టకూడదు గదరా,” అన్నాను.

అతను గోనెపట్టా విప్పి, ఇంజనును అంచుకు తగిలించి, పెట్రోలులో ఆయిలు కలిపి పోశాడు. తాడు చాలాసార్లు లాగాల్సి వచ్చింది. ఎట్టకేలకు పొగ కక్కి అందుకుంది. డ్రమ్ము అదిరింది. ఆ చప్పుడు తాళం వేసిన ఇంటి గోడకు తగిలి తిరిగి వచ్చింది. దీపాలు పెట్టేవేళ అయింది. ఒడ్డు నుంచి వచ్చే ఆడవాళ్లు దారిలో ఆగి, విని మళ్లీ నడిచారు. నేను గోడకు ఆనుకుని సముద్రం వైపు నిలబడ్డాను. ఎప్పుడు తెరిచానో, నా నోరు కొంచెం తెరుచుకుని ఉంది.

పెట్రోలు అడుగంటినట్టుంది, ఇంజను ఒకసారి దగ్గింది. కాస్త ఆగి మళ్లీ దగ్గింది. సోమయ్య ఆపడానికి వంగాడు.

“ఉండు,” అన్నాను. “చెప్తా ఉండాది గదా. విననీ.”